వెలగని ఎర్రదీపం

అమెరికా మధ్యపశ్చిమ రాష్ట్రాల్లో, ఒక చిన్న ఊళ్లో ఒక విశ్వవిద్యాలయం ఉండేది. వాలీబాల్, కుస్తీ, జిమ్నాస్టిక్స్, ఈత, ఇలా చాలా ఆటలకు అక్కడ జట్లు ఉండేవి. కానీ వాటిని టీవీలో చూసినవాళ్లు లేరు. పెద్ద చానెళ్ల ట్రక్కులు ఫుట్‌బాల్‌కి వచ్చేవి, ఎప్పుడైనా బాస్కెట్‌బాల్‌కి వచ్చేవి. మిగతా ఆటలన్నీ ఆడినవాళ్లకూ, గ్యాలరీలో కూర్చున్న తల్లిదండ్రులకూ మాత్రమే తెలిసేవి.

తర్వాత ఇంటర్నెట్‌లో ఆటలు చూసే రోజులు వచ్చాయి. 2014 ఆగస్టులో దక్షిణాది కాలేజీల ఆటల కోసం ఎస్‌ఈసీ నెట్‌వర్క్ అనే చానెల్ మొదలైనప్పుడు అక్కడి విశ్వవిద్యాలయాలు క్యాంపస్‌లోనే కంట్రోల్ రూములు ఏర్పాటు చేసుకుని దారి చూపించాయి. 2018 ఏప్రిల్‌లో ఇంటర్నెట్‌లో ఆటలు చూపించే ఈఎస్‌పీఎన్ ప్లస్ వచ్చేసరికి ఆటల ఆకలి ఇంకా పెరిగింది. ప్రతి చిన్న ఆటకీ ఒక ట్రక్కునీ దాని నిండా నిపుణులనీ పంపడం ఏ చానెల్ తరమూ కాదు. అందుకని కాలేజీలే తమ ఆటలను తీసి పంపే పద్ధతి ఊపందుకుంది. ఈ చిన్న ఊరి విశ్వవిద్యాలయం కూడా ఇండోర్ స్టేడియం కింద పాత కుర్చీలు పడేసిన గదిని ఖాళీ చేయించి, గోడ నిండా తెరలు పెట్టించింది. ఒక కెమెరా నుంచి ఇంకో కెమెరాకు బొమ్మ మార్చే స్విచర్ వచ్చింది, రీప్లే యంత్రం వచ్చింది, ఆడియో మిక్సర్ వచ్చింది. వాటి ముందు కూర్చునేది ఎవరన్న ప్రశ్న కూడా వచ్చింది. విద్యార్థులే కూర్చుంటారని తేల్చారు. గంటకింతని డబ్బు కూడా ఇస్తామన్నారు.

వాళ్లకు పని నేర్పడానికి ఒక మాస్టారిని తెచ్చారు. ఆయన ప్రసార ట్రక్కుల్లో ఊరూరా తిరిగి తల నెరిసినవారు. కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజే ఆయన రెండు పాత సంగతులు చెప్పేవారు. అమెరికాలో టీవీకెక్కిన మొట్టమొదటి ఆట కాలేజీ కుర్రాళ్లదేనని, 1939 మే 17న న్యూయార్క్‌లో కొలంబియా, ప్రిన్స్‌టన్ జట్లు బేస్‌బాల్ ఆడుతుంటే ఎన్‌బీసీ ఒకే ఒక్క కెమెరాతో చూపించిందని ఒకటి. 1963 డిసెంబరు 7న ఆర్మీ, నేవీ అకాడమీల ఫుట్‌బాల్ ఆటలో టోనీ వెర్నా అనే డైరెక్టర్ జరిగిపోయిన క్షణాన్ని మళ్లీ తెర మీదికి తెచ్చాడని, ఆర్మీ రెండోసారి స్కోరు చెయ్యలేదు, ఇది ఇందాకటిదేనని వ్యాఖ్యాత చూసేవాళ్లకు విడమరిచి చెప్పాల్సి వచ్చిందని రెండోది. కాలేజీ ఆటే కదా అని తేలిగ్గా తీసుకోవద్దని చెప్పడానికే ఆయన ఈ రెండూ ఏరుకున్నారు.

కథలు అయ్యాక ఆయన కేబుల్ చుట్ట ఒకటి చేతికిచ్చేవారు. ఎంతటి వాడైనా ముందు కేబుళ్లు చుట్టాల్సిందే. బావి దగ్గర చేంతాడు చుట్టినట్టు అన్ని చుట్లూ ఒకేవైపు వెయ్యనిచ్చేవారు కాదు. ఒక చుట్టు మామూలుగా వెయ్యాలి, తర్వాతి చుట్టు మణికట్టు లోపలికి తిప్పి వెయ్యాలి, మళ్లీ మామూలుగా. అలా చుట్టిన కేబుల్ చివర పట్టుకుని విసిరితే మెలిక లేకుండా నేల మీద తిన్నగా పరుచుకుంటుంది. ఒకేవైపు చుడితే లోపలి తీగలు మెలిపడి, ఎవరికీ కనిపించకుండా దెబ్బతిని, ఆట మధ్యలో బొమ్మ పోతుంది. ఈ ఒక్క పని దగ్గరే చాలామందికి విసుగొచ్చి మానేసేవారు.

ఒక ఏడు ఒక కుర్రాడు, ఒక అమ్మాయి ఒకేసారి చేరారు. కుర్రాడు హైస్కూల్లోనే కెమెరా పట్టినవాడు. అమ్మాయి అంతకుముందు ఫోన్ తప్ప ఏదీ పట్టలేదు, హాస్టల్ ఖర్చులకు పనికొస్తుందని చేరింది. ఇద్దరూ కేబుళ్లు చుట్టారు, ఇద్దరూ నిలబడ్డారు. వాలీబాల్ సీజన్ మొదలయ్యేసరికి మాస్టారు ఇద్దరికీ కెమెరాలు అప్పగించారు.

కోర్టు చుట్టూ నాలుగు కెమెరాలు ఉండేవి. ఒకటో కెమెరా గ్యాలరీ పైన, మధ్యలో. ఆట చాలావరకు దాని మీదే నడుస్తుంది. రెండోది దాని పక్కనే ఉండి క్రీడాకారులను దగ్గరగా చూపిస్తుంది. మూడోది భుజం మీద పెట్టుకుని కోర్టు పక్కన తిరిగేది. నాలుగోది ఒక మూల, ఎండ్ లైను వెనక, నేలకు దగ్గరగా పొట్టి స్టాండు మీద ఉండేది. మూడోది కుర్రాడికి వచ్చింది. నాలుగోది అమ్మాయికి వచ్చింది.

ప్రతి కెమెరాకీ ఒక ఎర్రదీపం ఉంటుంది, దాన్ని ట్యాలీ అంటారు. కంట్రోల్ రూములో డైరెక్టర్ ఏ కెమెరా బొమ్మను ప్రసారంలోకి తీసుకుంటే ఆ కెమెరా దీపం వెలుగుతుంది. మిగతావి ఆరి ఉంటాయి. దీపం వెలిగిందంటే తాము చూస్తున్నదే లోకమూ చూస్తోందని కెమెరా పట్టినవాళ్లకు తెలుస్తుంది.

కుర్రాడి దీపం బాగా వెలిగేది. పాయింటు గెలిచిన అమ్మాయిలు ఒకరినొకరు హత్తుకుంటుంటే వాళ్ల మధ్యకు చొచ్చుకుపోయేవాడు. కోచ్ కళ్లలోని కంగారు అతనికి అందరికంటే ముందు కనిపించేది. డైరెక్టర్ కుర్చీలో ఉన్న మూడో ఏడాది విద్యార్థిని మూడో కెమెరా సిద్ధంగా ఉండమని హెడ్‌సెట్‌లో చెప్పడం ఆలస్యం, ఒక్క సెకనులో కెమెరా భుజం మీదికెక్కేది, బొమ్మ కుదిరేది. అది పుట్టుకతో వచ్చిన నేర్పు, అందులో అనుమానం లేదు. అయితే దీపం ఆరగానే అతను కెమెరా దించేసేవాడు. నడుము సాగదీసేవాడు, ఫోన్ చూసుకునేవాడు. పది కిలోలకు అటూఇటూ ఉండే బరువును రెండు మూడు గంటలు మోసేవాణ్ని అందుకు తప్పుపట్టడం నాకూ ఇష్టం లేదు.

నాలుగో కెమెరా సంగతి వేరు. దాని దీపం వెలగడమే అరుదు. కోర్టు మూల కాబట్టి లైన్ జడ్జి కాళ్లు అడ్డం వచ్చేవి. క్రీడాకారుల వీపులే కనిపించేవి. డైరెక్టర్ ఆ తెర వైపు చూసి వేరే కెమెరాకు వెళ్లిపోయేది. మొదటి రెండు ఆటల్లో అమ్మాయి దీపం కోసమే చూస్తూ కూర్చుంది. ఎప్పుడు వెలుగుతుందో అన్న ఆత్రంలో ఆట కూడా సరిగా చూడలేదు. మూడో ఆటకి దీపం సంగతి వదిలేసి, అసలు ఈ మూల నుంచి ఏం కనిపిస్తుందో చూద్దామనుకుంది.

ముందు స్టాండును రెండడుగులు పక్కకు జరిపితే లైన్ జడ్జి కాళ్లు తప్పుతాయని కనిపెట్టింది. మాస్టారిని అడిగి, రెఫరీ అనుమతి తీసుకుని, స్టాండు కాళ్లు ఉండాల్సిన చోట నేల మీద టేపు ముక్కలు అంటించింది. తర్వాత కెమెరాను పైకి వంచి నెట్ పై అంచు చూసింది. మహిళల వాలీబాల్‌లో నెట్ ఎత్తు 2.24 మీటర్లు. నేల దగ్గర నుంచి చూస్తే ఆ అంచు వెనక గ్యాలరీ జనం లేరు, చీకటిగా ఉన్న కప్పు మాత్రమే ఉంది. స్మాష్‌ని అడ్డుకోవడానికి ఎగిరినవాళ్ల చేతులు ఆ చీకటి మీద వేళ్లతో సహా విడివిడిగా కనిపించాయి. అంత శుభ్రమైన బొమ్మ మిగతా మూడు కెమెరాల్లో ఎక్కడా లేదు. కానీ బంతి తగిలే వేగానికి చేతులు అలుక్కుపోతున్నాయి. కెమెరాల వెలుగూ రంగూ చూసుకునే విద్యార్థి దగ్గరకు వెళ్లి షట్టర్ వేగం పెంచమని అడిగింది. పెంచితే బొమ్మ చీకటి పడుతుందన్నాడతను. ఐరిస్ ఇంకాస్త తెరిచి ఇద్దరూ కలిసి ఒక మధ్యేమార్గం చూసుకున్నారు.

అప్పటి నుంచి దీపం వెలిగినా వెలగకపోయినా ఆమె కన్ను వ్యూఫైండర్ దాటలేదు. ర్యాలీ నడుస్తున్నంతసేపూ నెట్ మీది చేతులను పట్టుకునేది. ర్యాలీ అయిపోతే సర్వ్ చేసే అమ్మాయి బంతిని నేలకు కొడుతుంటే దాని మీద ఫోకస్ అభ్యాసం చేసేది. తడి నేలను తువ్వాలుతో తుడుస్తున్న లిబరోను (వెనక వరసలోనే ఆడే పిల్లను), బెంచీ మీద కూర్చుని గోళ్లు కొరుక్కుంటున్న పిల్లను చూపించేది, ఎవరూ చూడకపోయినా. హెడ్‌సెట్‌లో మిగతా కెమెరాలకు వెళ్లే ఆదేశాలను కూడా తనకు వచ్చినట్టే వినేది. డైరెక్టర్ రెండో కెమెరాను పిలవకముందే ఇప్పుడు రెండుకు వెళ్తుందని ఊహించేది. ఊహ తప్పితే ఎందుకు తప్పిందో ఆలోచించేది. సీజన్ సగానికి వచ్చేసరికి ఊహలు చాలావరకు తప్పడం మానేశాయి.

సీజన్ చివర్లో ఒక ఆట అయిదో సెట్టుకు వెళ్లింది. అయిదో సెట్టు పదిహేను పాయింట్లకే ముగుస్తుంది, ఎనిమిది దగ్గర జట్లు కోర్టు మారతాయి. అలా మారాక ఎదుటి ఊరి జట్టు నాలుగో కెమెరా ఉన్న వైపుకు వచ్చింది. సొంత జట్టు 14, ఎదుటి జట్టు 13. సొంత జట్టు పిల్ల గట్టిగా స్మాష్ కొట్టింది. బంతి అడ్డం పెట్టిన చేతుల మీదుగా వెళ్లి గీత అవతల పడింది. లైన్ జడ్జి జెండా పైకెత్తి అవుట్ చూపించాడు. స్కోరు 14–14 అయింది. సొంత జట్టు కోచ్ ఒప్పుకోలేదు. బంతి ఎదుటివాళ్ల చేతికి తగిలాకే బయటికి వెళ్లిందని వీడియో పరిశీలన కోరింది. మన క్రికెట్‌లో థర్డ్ అంపైర్‌కి పంపినట్టే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. రీప్లే యంత్రానికి ఎర్రదీపంతో సంబంధం లేదు. ప్రసారంలో ఉన్నా లేకపోయినా నాలుగు కెమెరాలు పంపే బొమ్మలనూ అది విడివిడిగా, ఆట మొదటి నుంచి చివరి దాకా రికార్డు చేస్తూనే ఉంటుంది.

రీప్లే దగ్గర కూర్చున్న విద్యార్థి గబగబా వెనక్కి తిప్పాడు. ఒకటో కెమెరాలో అంత దూరం నుంచి వేళ్లు విడిగా తెలియలేదు. రెండో కెమెరా స్మాష్ కొట్టిన పిల్ల ముఖం మీద ఉంది. మూడో కెమెరాలో నేల కనిపించింది, ఎవరివో బూట్లు కనిపించాయి. నాలుగో కెమెరా బొమ్మను ఒక్కొక్క ఫ్రేమే ముందుకు జరిపాడు. చీకటి కప్పు మీద రెండు చేతులు కనిపించాయి. బంతి దాటుతుండగా కుడిచేతి చిటికెన వేలు వెనక్కి వంగి, మళ్లీ నిటారుగా లేచింది. రెఫరీ తెర ముందు వంగి రెండుసార్లు చూసి నిర్ణయం మార్చింది. 15–13. సొంత జట్టు గెలిచింది.

ఆ వంగిన వేలును ప్రసారం చూస్తున్నవాళ్లందరూ చూశారు. స్టేడియంలో వేలాడుతున్న పెద్ద తెర మీద జనమూ చూశారు. అయినా నాలుగో కెమెరా దీపం వెలగలేదు. తెర మీదికి వెళ్లింది రీప్లే యంత్రం బొమ్మ కాబట్టి కెమెరా దీపంతో దానికి పని లేదు. గెలిచిన పిల్లలను చూపించడానికి మూడో కెమెరా దీపం వెలిగింది. కుర్రాడు ఎప్పటిలాగే చక్కగా చూపించాడు. అమ్మాయి కెమెరాకు మూత పెట్టి, కేబుల్ చుట్టుకుని హాస్టల్‌కి వెళ్లిపోయింది.

చలికాలం వచ్చింది. బాస్కెట్‌బాల్ ఆట ఒకదాన్ని దేశమంతటికీ చూపించడానికి పెద్ద చానెల్ ట్రక్కు వచ్చింది. మంచు తుఫానుకు విమానాలు ఆగిపోయి, రావలసిన కెమెరామన్ ఒకరు వేరే ఊళ్లో చిక్కుబడ్డాడు. ట్రక్కు బాధ్యత చూసే మేనేజరు మధ్యాహ్నం మాస్టారి దగ్గరికి వచ్చి, సాయంత్రానికి ఒక మనిషి కావాలన్నాడు.

మాస్టారు ఎవరి పేరూ చెప్పలేదు. ప్రతి ఆట అయ్యాక నాలుగు కెమెరాల పూర్తి రికార్డింగులను ఒక హార్డ్ డ్రైవ్‌లోకి ఎక్కించి దాచడం ఆయన అలవాటు. పిల్లల తప్పులు పిల్లలకే చూపించడానికి అవి పనికొచ్చేవి. ఆ డ్రైవ్‌ను మేనేజరు చేతిలో పెట్టారు. అందులో కెమెరాల అంకెలు ఉన్నాయి గానీ పేర్లు లేవు.

మేనేజరు ఒక మూల కూర్చుని చూడడం మొదలుపెట్టాడు. అతను చూసిన తీరు విచిత్రంగా ఉంది. ర్యాలీలు వచ్చినప్పుడు వేగంగా ముందుకు తిప్పేసి, ర్యాలీకీ ర్యాలీకీ మధ్య ఖాళీ దగ్గర ఆగాడు. టైమవుట్లు పూర్తిగా చూశాడు. మూడో కెమెరాలో దీపం వెలిగిన క్షణాలు అద్భుతంగా ఉన్నాయి. వాటి మధ్య నేల ఉంది, కప్పు ఉంది, పక్కకు ఒరిగిపోయిన గోడ ఉంది. నాలుగో కెమెరాలో అన్నిచోట్లా దాన్ని పట్టినవాళ్లు ఏదో వెతుకుతున్నట్టు కనిపించింది. ఫోకస్ తప్పింది, మళ్లీ కుదిరింది. సర్వ్ వేసే చెయ్యి ఫ్రేములోంచి జారిపోయింది, తర్వాతి సర్వ్‌కి జారలేదు. సీజన్ మొదటి ఆటలో ఉన్న తడబాటు చివరి ఆటలో లేదు. అంతా చూసి, నాలుగో కెమెరా మనిషిని పిలవమన్నాడు.

అమ్మాయి వచ్చింది. ట్రక్కు దగ్గర ముందు కేబుళ్లే లాగించారు. ఆమె చుట్టిన కేబుల్‌ను ఒక పెద్దాయన విసిరి చూసి, అది తిన్నగా పరుచుకుంటే తల ఊపాడు. సాయంత్రం బాస్కెట్ కింద కెమెరాతో కూర్చోబెట్టారు. ఆమె తన పని చేసింది. ఆట అయ్యాక మేనేజరు ఆమె నంబరు రాసుకున్నాడు. ఈ వృత్తిలో పని చాలావరకు రోజు లెక్కన దొరుకుతుంది, పిలుపు ఫోన్‌లో వస్తుంది. ఒకరు పిలిస్తే ఇంకొకరికి తెలుస్తుంది. చదువు పూర్తయ్యేనాటికి ఆమెకు శని, ఆదివారాలు ఖాళీ ఉండడం మానేశాయి. కొన్నేళ్లు కెమెరాతో ఊళ్లు తిరిగింది, తర్వాత రీప్లే దగ్గర కూర్చుంది, ఆ తర్వాత డైరెక్టర్ పక్క కుర్చీ దాకా వెళ్లింది.

కుర్రాడికి మొదట మనసు కష్టమైంది. తన బొమ్మలే బాగున్నాయని అందరూ అంటుంటే తనను ఎందుకు పిలవలేదని మాస్టారి దగ్గరకు వెళ్లాడు. మాస్టారు వాదించలేదు. మూడో కెమెరా రికార్డింగు ఒకటి పెట్టి, మొదటి నుంచి చివరిదాకా చూడమని తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయారు. అతను మొత్తం చూశాడు. అయిదో సెట్టు దగ్గర వెనక్కి తిప్పి మళ్లీ చూశాడు. నేల, బూట్లు కనిపించాయి. తిన్నగా బయటికి వచ్చి ఆ అమ్మాయిని వెతుక్కుంటూ వెళ్లి, నెట్ మీది చేతులు ఆ మూల నుంచి ఎలా దొరికాయో చెప్పమని అడిగాడు. ఆమె నేల మీది టేపు ముక్కలు చూపించింది.

మరుసటి సీజన్ అతను కెమెరా దించలేదు. అయితే గంటల తరబడి వెతుకుతూ ఉండడం తన స్వభావం కాదని అతనికి తెలిసొచ్చింది. అందరి రికార్డింగుల్లోంచి ఎవరూ గమనించని క్షణాలను ఏరి, ఆటకు ముందు వేసే చిన్న కథనాలు కూర్చడంలో అతనికి సంతోషం దొరికింది. ఎడిటింగ్ గదికి మారాడు. ఇప్పుడు అదే అతనికి అన్నం పెడుతోంది. దీన్ని ఓటమి అనడానికి నాకు నోరు రాదు. తన పూర్తి రికార్డింగును కళ్లు తిప్పుకోకుండా చూడగలిగినవాడికి దొరికిన దారి అది.

ఎర్రదీపం లోకం మనల్ని ఎప్పుడు చూస్తోందో చెబుతుంది గానీ, మన పని ఎప్పటి నుంచి లెక్కలోకి వస్తోందో చెప్పదు. కాలేజీలో ఖాళీ గ్యాలరీల ముందు ఆటలు చూపించే పిల్లలకు ఆ పని బతుకుదెరువు అవుతుందా కాదా అన్నది, దీపం ఆరి ఉన్న గంటల్లో వాళ్ల కన్ను ఎక్కడుందన్న దాన్నిబట్టే చాలావరకు తేలుతుంది. అందుకే అలాంటి చిన్న కంట్రోల్ రూమును ఏ కాలేజీ కట్టినా, మూల కెమెరా ఒకటి పెట్టి, దాని రికార్డింగు దాచి, చూపించే మాస్టారిని కూడా పెట్టాలి.